ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ: ఆల్కహాల్ తరగతిని ఏ బంధం చెబుతుంది?

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సెకండరీ. ఐసోబ్యూటైల్ ఆల్కహాల్ ప్రైమరీ. రెండింటి పేరులోనూ ‘ఐసో’ ఉంది, తరగతులు మాత్రం వేరు. టెర్ట్-బ్యూటైల్ ఆల్కహాల్ టెర్షియరీ. అదే టెర్ట్-బ్యూటైల్‌కి ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) తీసేసి నైట్రోజన్ ఉన్న అమీన్ గుంపు తగిలిస్తే వచ్చేది ప్రైమరీ అమీన్. గ్లిజరాల్‌లో మూడు ఓహెచ్‌లు ఉన్నా దాన్ని టెర్షియరీ అనకూడదు. ఇంటర్ సెకండియర్‌లో ఈ పాఠం దగ్గరికొచ్చేసరికి ఏటా పిల్లలు ఇక్కడే తడబడతారు. దాని మీద మళ్లీ పరీక్షలు: ల్యూకాస్‌లో టెర్షియరీ ముందు, సోడియంతో ప్రైమరీ ముందు, డైక్రోమేట్‌తో టెర్షియరీ అసలు కదలదు. ఏది దేనికో గుర్తుపెట్టుకోలేక ఎంట్రన్స్ ముందు రాత్రి టెన్షన్ పడిపోతారు.

ఇదంతా బట్టీ పట్టాల్సిన పనే లేదు. ఒక్కో పరీక్ష అణువులో ఒక్కో బంధాన్ని తెంచి చూస్తుంది. ఏ బంధం తెగుతోందో తెలిస్తే ఏ వరస వస్తుందో మనమే చెప్పేయొచ్చు. ఎక్కడ ఆ వరస తప్పుతుందో కూడా తెలుస్తుంది.

ఓహెచ్ ఉన్న కార్బన్‌ని మాత్రమే చూడండి

ఆల్కహాల్ అంటే నాలుగు వైపులా ఏకబంధాలున్న కార్బన్‌కి ఓహెచ్ గుంపు అతుక్కున్న పదార్థం. ఆ కార్బన్‌ని పట్టుకోండి. దానికి ఇంకెన్ని కార్బన్లు నేరుగా అంటుకుని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటైతే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ. పాఠ్యపుస్తకాలు ప్రాథమిక, ద్వితీయ, తృతీయ అని రాసేవి ఇవే. మిగతా గొలుసు ఎంత పొడుగుందో, ఎన్ని కొమ్మలుగా చీలిందో ఇక్కడ అనవసరం.

నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఈ సామగ్రితో నాలుగు రకాల బ్యూటనాల్‌లు వస్తాయి. నాలుగు కార్బన్లూ వరసగా ఉండి ఓహెచ్ చివర ఉంటే 1-బ్యూటనాల్, అది ప్రైమరీ. అదే వరసలో ఓహెచ్ రెండో కార్బన్ మీదికి జరిగితే 2-బ్యూటనాల్, అది సెకండరీ. గొలుసు మధ్యలో చీలి, ఓహెచ్ ఒక కొమ్మ చివర ఉంటే ఐసోబ్యూటైల్ ఆల్కహాల్. దీంట్లో ఓహెచ్ ఉన్న కార్బన్‌కి అంటుకున్నది ఒక్క కార్బనే కాబట్టి మళ్లీ ప్రైమరీయే. ఆ చీలిక దగ్గరే ఓహెచ్ కూర్చుంటే టెర్ట్-బ్యూటైల్ ఆల్కహాల్, అది టెర్షియరీ. ‘ఐసో’ అన్న మాట గొలుసు చీలిందని చెబుతుందే తప్ప ఓహెచ్ చిరునామా చెప్పదు. ఐసోప్రొపైల్ విషయంలో ఆ చీలికా ఓహెచ్ ఉన్న చోటూ ఒకటే కావడంతో అది సెకండరీ అయింది.

ఇదే లెక్కని తిప్పి హైడ్రోజన్ల వైపు నుంచి చూడొచ్చు. ఓహెచ్ ఉన్న కార్బన్ మీద ప్రైమరీలో రెండు హైడ్రోజన్లు మిగులుతాయి, సెకండరీలో ఒకటి, టెర్షియరీలో సున్నా. నా దృష్టిలో పాఠం మొత్తంలో ఎక్కువ పనికొచ్చే వాక్యం ఇదే. కార్బన్ల లెక్క పేరు పెట్టడానికి సరిపోతుంది. రసాయన చర్యల్లో ఏం జరుగుతుందో ముందే చెప్పాలంటే హైడ్రోజన్ల లెక్క కావాలి.

అమీన్ల దగ్గర తేడా ఎందుకు వస్తుందంటే, అక్కడ లెక్కపెట్టేది నైట్రోజన్‌కి ఎన్ని కార్బన్లు అంటుకున్నాయని. టెర్ట్-బ్యూటైల్ అమీన్‌లో నైట్రోజన్‌కి ఒక్క కార్బనే ఉంది, కాబట్టి ప్రైమరీ. ఇక ఓహెచ్‌లు ఎన్ని ఉన్నాయన్నది పూర్తిగా వేరే వర్గీకరణ. గ్లిజరాల్ మూడు ఓహెచ్‌లున్న ట్రైహైడ్రిక్ ఆల్కహాల్. దాని రెండు చివర్ల ఓహెచ్‌లు ప్రైమరీ, మధ్యలోది సెకండరీ. తరగతి అనేది అణువుకి పెట్టే ముద్ర అనుకోకండి. ఒక్కో ఓహెచ్‌కి విడిగా చెప్పాలి.

కాగితం మీద ముందు, సీసాలో తర్వాత

ఈ వర్గీకరణ పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. 1860 నాటికి రసాయన శాస్త్రవేత్తలు గుర్తించినవి ప్రైమరీ ఆల్కహాల్‌లే. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ కోల్బే మిథనాల్‌ని తీసుకుని, దాని కార్బన్ మీదున్న హైడ్రోజన్లని ఒక్కొక్కటిగా తీసేసి కార్బన్ గుంపులు పెడితే ఏమొస్తుందని ఆలోచించాడు. అప్పటికి ఎవరూ గుర్తించని సెకండరీ, టెర్షియరీ ఆల్కహాల్‌లు ఉండి తీరాలన్నాడు. సెకండరీని ఆక్సీకరిస్తే కీటోన్ రావాలని కూడా చెప్పాడు. 1862లో చార్లెస్ ఫ్రీడెల్ ఎసిటోన్ నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తయారుచేశాడు. 1864లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ బట్లెరోవ్ టెర్ట్-బ్యూటైల్ ఆల్కహాల్ తయారుచేశాడు. కోల్బే చేసింది హైడ్రోజన్ల లెక్కే.

ల్యూకాస్ పరీక్ష: కార్బన్, ఆక్సిజన్ల మధ్య బంధం

కాలేజీ ల్యాబ్‌లో అందరికీ పరిచయమున్న పరీక్ష ఇది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పనిచేసిన హోవార్డ్ ల్యూకాస్ 1930లో ప్రకటించాడు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అనార్ద్ర (నీరు లేని) జింక్ క్లోరైడ్ కరిగించి చేసే ద్రావణాన్ని ల్యూకాస్ కారకం అంటాం. టెస్ట్ ట్యూబ్‌లో ఈ కారకం తీసుకుని కొద్దిగా ఆల్కహాల్ వేసి కలిపి చూస్తారు. టెర్షియరీ అయితే చూస్తుండగానే ద్రావణం తెల్లగా మసకబారి, నూనెలాంటి పొర వేరుపడుతుంది. సెకండరీకి సుమారు 5 నిమిషాలు పడుతుంది. ప్రైమరీ అయితే గది ఉష్ణోగ్రత దగ్గర అలాగే తేటగా ఉండిపోతుంది.

ఆ మసక ఏమిటి? ఓహెచ్ ఊడిపోయి ఆ స్థానంలో క్లోరిన్ చేరితే ఆల్కైల్ క్లోరైడ్ వస్తుంది. అది కారకంలో కరగదు, అందుకే సన్నటి బొట్లుగా విడిపోతుంది. ఓహెచ్ ఊడాలంటే కార్బన్, ఆక్సిజన్ల మధ్య బంధం తెగాలి. ఆమ్లం, జింక్ కలిసి ఆక్సిజన్‌ని తమవైపు లాగి ఆ బంధాన్ని వదులు చేస్తాయి. అది తెగినప్పుడు కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది, దీన్నే కార్బోకాటయాన్ అంటారు. చుట్టూ ఉన్న కార్బన్ గుంపులు ఎలక్ట్రాన్లని కొంత ఇటు నెట్టి ఆ ఆవేశం బరువుని పంచుకుంటాయి. పంచుకునేవాళ్లు ముగ్గురుంటే పని తేలిక, ఇద్దరైతే కాస్త ఆలస్యం, ఒక్కరే అయితే గది వేడిమికి ఆ అయాన్ ఏర్పడటమే కష్టం.

అంటే ల్యూకాస్ పరీక్ష ‘నీకు ఎన్ని కార్బన్లు అంటుకున్నాయి’ అని అడగడం లేదు. ‘ఓహెచ్ వదిలేస్తే నువ్వు నిలబడగలవా’ అని అడుగుతోంది. మామూలు ఆల్కహాల్‌లలో ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. కొన్నిట్లో కాదు, చిక్కంతా వాటితోనే.

బెంజైల్ ఆల్కహాల్‌ని చూడండి. బెంజీన్ వలయానికి బయట ఒక కార్బన్, దాని మీద రెండు హైడ్రోజన్లు, ఓహెచ్. లెక్క ప్రకారం ఇది ప్రైమరీ. ల్యూకాస్ కారకంలో వేస్తే టెర్షియరీలా వెంటనే మసకబారుతుంది. ఓహెచ్ పోయాక మిగిలే ధనావేశాన్ని బెంజీన్ వలయం మొత్తం పంచుకుంటుంది కాబట్టి ఆ అయాన్ ఇట్టే ఏర్పడుతుంది. ఈ ఫలితం చూసి దీన్ని టెర్షియరీ అని రాస్తే తప్పు పరీక్షది కాదు, మనం దాని జవాబుని అర్థం చేసుకున్న తీరుది.

ఇంకో పరిమితి కరగడానికి సంబంధించింది. పరీక్ష మొదట్లో ఆల్కహాల్ కారకంలో కరగాలి, అప్పుడే తర్వాత వచ్చే మసకకి అర్థం ఉంటుంది. అందుకే దీన్ని సుమారు ఆరు కార్బన్ల లోపు వాటికే వాడతారు. 1-ఆక్టనాల్ వేస్తే అది కరగకుండా పైన తేలుతుంది. ఏ చర్యా జరగకపోయినా రెండు పొరలు కనిపిస్తాయి.

మన వాతావరణం కూడా ఇందులో చెయ్యి పెడుతుంది. జింక్ క్లోరైడ్ గాల్లో తేమని గబగబా పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో అది ముద్దయిపోతుంది. అలాంటి దాంతో కలిపిన కారకం బలహీనంగా ఉంటుంది, సెకండరీ ఆల్కహాల్ ఎంతకీ మసకబారదు. మే నెలలో విజయవాడలో ల్యాబ్ 40 డిగ్రీలు దాటినప్పుడు ఇంకో కథ. పుస్తకాల్లో ఇచ్చిన 5 నిమిషాల లెక్క సుమారు 25 డిగ్రీల గదికి. వేడికి చర్య వేగం పెరుగుతుంది. పైగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నుంచి వచ్చే క్లోరైడ్ సుమారు 36 డిగ్రీలకే మరిగిపోయే రకం. మసకగా కనపడాల్సిన పదార్థమే ఆవిరై పోతుంది. అందుకే పక్కనే ఏ తరగతిదో తెలిసిన ఆల్కహాల్‌తో ఇంకో ట్యూబ్ పెట్టి పోల్చి చూడటం గడియారం చూడటం కంటే నమ్మకమైన పద్ధతి.

డైక్రోమేట్ పరీక్ష: కార్బన్, హైడ్రోజన్ల మధ్య బంధం

ఆమ్లీకృత పొటాషియం డైక్రోమేట్ నారింజ రంగులో ఉంటుంది. ప్రైమరీ లేదా సెకండరీ ఆల్కహాల్ వేసి కొద్దిగా వేడిచేస్తే ఆకుపచ్చకి తిరుగుతుంది. క్రోమియం ఆరు నుంచి మూడు ఆక్సీకరణ స్థితికి దిగడం వల్ల వచ్చే రంగు అది. టెర్షియరీలో నారింజ నారింజగానే ఉంటుంది.

ఆక్సీకరణంలో కార్బన్, ఆక్సిజన్ల మధ్య ద్విబంధం ఏర్పడాలి. దానికి ఓహెచ్ మీది హైడ్రోజన్ ఒకటి, ఆ ఓహెచ్ ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్ ఒకటి పోవాలి. ప్రైమరీలో కార్బన్ మీద రెండున్నాయి: మొదటిది పోతే ఆల్డిహైడ్, అది ఇంకా ఆక్సీకరణం చెందితే కార్బాక్సిలిక్ ఆమ్లం. సెకండరీలో ఒకటే ఉంది: అది పోయి కీటోన్ దగ్గర ఆగిపోతుంది. టెర్షియరీలో పోవడానికే ఏమీ లేదు. అయితే గాఢ ఆమ్లంలో బాగా వేడిచేస్తే టెర్షియరీ నీటిని కోల్పోయి ఆల్కీన్‌గా మారి, ఆ ఆల్కీన్ ఆక్సీకరణం చెందొచ్చు. ‘టెర్షియరీ ఆక్సీకరణం చెందదు’ అన్న వాక్యం మామూలు పరిస్థితుల వరకే నిజం.

మన కాలేయం చేసేదీ ఈ పనే. అక్కడి ఎంజైము ఇథనాల్‌ని ఎసిటాల్డిహైడ్‌గా, అది తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మారేలా చేస్తుంది. శానిటైజర్లలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తే ఎసిటోన్ వస్తుంది, సెకండరీ కాబట్టి. మిథనాల్ అయితే ఫార్మాల్డిహైడ్, ఆపైన ఫార్మిక్ ఆమ్లం. కల్తీ సారా తాగినవాళ్ల చూపు పోవడానికి కారణం ఆ ఫార్మిక్ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీయడమే. ఈ మిథనాల్‌ని ఏ తరగతిలో వేయాలన్న దానిమీద పుస్తకాల మధ్య పొత్తు కుదరదు. ప్రైమరీలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి కొన్ని అందులోనే కలిపేస్తాయి. అంటుకున్న కార్బనే లేదు, హైడ్రోజన్లు మూడున్నాయి కాబట్టి విడిగా పెట్టాలని మరికొన్ని అంటాయి. ఫార్మిక్ ఆమ్లం మీద కూడా ఇంకా ఒక హైడ్రోజన్ మిగిలి, అది కార్బన్ డయాక్సైడ్ దాకా ఆక్సీకరణం చెందగలదని గుర్తుచేసుకుంటే విడిగా పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది.

రెండు పరీక్షలు కలిపి చదవడం

ఒక సీసా ఇచ్చారనుకుందాం. ల్యూకాస్‌లో వెంటనే మసక వచ్చింది. డైక్రోమేట్ కూడా ఆకుపచ్చ అయింది. మొదటిదాన్ని బట్టి టెర్షియరీ అనాలి, రెండోదాన్ని బట్టి కాదనాలి. ఇక్కడ పిల్లలు ఏదో ఒక పరీక్ష తప్పు చేశామని కంగారుపడి మళ్లీ మొదలుపెడతారు. రెండూ సరైనవే అనుకుని చూడండి. కార్బన్ మీద హైడ్రోజన్ ఉంది, కాబట్టి టెర్షియరీ కాదు. కానీ ఓహెచ్ వదిలేసినా నిలబడగలుగుతోంది, కాబట్టి పక్కన బెంజీన్ వలయమో ద్విబంధమో ఉండి ఆవేశాన్ని పంచుకుంటోంది. నెమ్మదిగా ఆక్సీకరిస్తే బాదం ఎసెన్స్ వాసన వచ్చిందంటే అది బెంజాల్డిహైడ్, సీసాలో ఉన్నది బెంజైల్ ఆల్కహాల్.

ఇంకో సీసా. ల్యూకాస్‌లో 5 నిమిషాలకి మసక, డైక్రోమేట్ ఆకుపచ్చ. సెకండరీ అనుకోవచ్చు. అయోడిన్, క్షారం కలిపితే పసుపు పచ్చటి అయోడోఫాం కూడా వచ్చింది. దీనర్థం ఓహెచ్ ఉన్న కార్బన్ పక్కనే మిథైల్ గుంపు ఉందని. 2-బ్యూటనాల్ ఇలాగే చేస్తుంది. 3-పెంటనాల్ కూడా సెకండరీయే గానీ అయోడోఫాం ఇవ్వదు. ఇథనాల్ ప్రైమరీ, అయినా ఇస్తుంది. అయోడోఫాం పరీక్షని ప్రైమరీ, సెకండరీ తేల్చడానికి వాడేవాళ్లని చాలామందిని చూశాను. అది తరగతి చెప్పే పరీక్ష కాదు, ఒక ప్రత్యేకమైన చిన్న ముక్క అణువులో ఉందో లేదో చెప్పేది.

ఇక ఫినాల్. బెంజీన్ వలయంలోని కార్బన్‌కే ఓహెచ్ ఉంటుంది, ఆ కార్బన్‌కి అటొకటి ఇటొకటి కార్బన్లున్నాయి. అలాగని సెకండరీ అనకూడదు. నాలుగు ఏకబంధాలున్న కార్బన్ కాదు కాబట్టి అసలు ఈ లెక్కలోకే రాదు.

సోడియంతో వరస ఎందుకు తిరగబడుతుంది

సోడియం లోహం ముక్క వేస్తే ప్రైమరీ ఆల్కహాల్ చురుగ్గా హైడ్రోజన్ బుడగలు వదులుతుంది, సెకండరీ నెమ్మదిగా, టెర్షియరీ ఇంకా నెమ్మదిగా. ల్యూకాస్‌కి సరిగ్గా ఎదురు వరస. ఇక్కడ తెగేది ఆక్సిజన్, హైడ్రోజన్ల మధ్య బంధం, మిగిలేది ఆక్సిజన్ మీద రుణావేశం. కార్బన్ గుంపులు ధనావేశానికి సాయపడ్డాయి కాబట్టి రుణావేశానికి అడ్డుపడతాయని, ఎలక్ట్రాన్లని నెట్టి ఆ భారాన్ని ఇంకా పెంచుతాయని పాఠ్యపుస్తకాలు వివరిస్తాయి.

వినడానికి చక్కగా ఉన్న ఈ వివరణకి 1968లో గట్టి ప్రశ్న ఎదురైంది. జాన్ బ్రామన్, లారీ బ్లెయిర్ ఆల్కహాల్‌ల ఆమ్లత్వాన్ని ద్రావణంలో కాకుండా వాయు స్థితిలో కొలిచారు. అక్కడ వరస తలకిందులైంది: టెర్ట్-బ్యూటైల్ ఆల్కహాల్ బలమైన ఆమ్లం, మిథనాల్ బలహీనమైనది. పెద్ద కార్బన్ గుంపు తన ఎలక్ట్రాన్ మబ్బుని సర్దుకుని రుణావేశాన్ని కూడా సంబాళించగలదన్నమాట. మరి ద్రావణంలో టెర్షియరీ ఎందుకు వెనకబడింది? దాని ఆక్సిజన్ చుట్టూ మూడు గుంపులు కిక్కిరిసి ఉండటంతో ద్రావణి అణువులు దగ్గరికి చేరి ఆదుకోలేవు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఈ రెండో వివరణనే. పరీక్షలో పుస్తకంలోని జవాబు రాస్తే మార్కులు పడతాయి, వరస కూడా ద్రావణం వరకు సరైనదే. కారణం మాత్రం అణువు లోపలకంటే దాని చుట్టుపక్కల ఎక్కువుంది.

ఆ చుట్టూ ఉన్న కిక్కిరిసినతనం మరిగే ఉష్ణోగ్రతల్లోనూ కనిపిస్తుంది. 1-బ్యూటనాల్ సుమారు 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఐసోబ్యూటైల్ 108, 2-బ్యూటనాల్ 99, టెర్ట్-బ్యూటైల్ 82. అయితే ఈ చివరిది గడ్డకట్టే విషయంలో అందరికంటే ముందుంటుంది. గుండ్రటి అణువు కావడంతో స్ఫటికంలో చక్కగా ఇముడుతుంది, సుమారు 25 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఒక డిసెంబర్ పొద్దున హైదరాబాద్‌లో మా ల్యాబ్ అలమారా తెరిస్తే దాని సీసాలో తెల్లటి గడ్డ, మూత తీస్తే కర్పూరం లాంటి వాసన. సీసా పాడైపోయిందని పారబోయడానికి సిద్ధమైన కుర్రాణ్ణి ఆపి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టించాను. అంచుల నుంచి కరుగుతూ నిమిషాల్లో నీళ్లలా తేటగా అయిపోయింది. బ్యూటనాల్‌లు నాలుగిట్లో ఇలా గడ్డకట్టి కనపడేది ఇదొక్కటే.

ఎన్‌ఎమ్‌ఆర్ వచ్చాక ఈ పరీక్షలు అవసరమా

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల ల్యాబ్‌లలో ఎవరూ ల్యూకాస్ కారకం కలపరు. నమూనాని ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రంలో పెడతారు, అది అయస్కాంత క్షేత్రంలో అణువులోని హైడ్రోజన్ల సంకేతాలు చదువుతుంది. అందులోనూ చదివేది హైడ్రోజన్ల లెక్కే. డైమిథైల్ సల్ఫాక్సైడ్ ద్రావణిలో ఓహెచ్ హైడ్రోజన్ సంకేతం ప్రైమరీలో మూడుగా చీలుతుంది, సెకండరీలో రెండుగా, టెర్షియరీలో చీలదు. పక్క కార్బన్ మీద రెండు, ఒకటి, సున్నా హైడ్రోజన్లున్నాయి కదా, ఒకటి కలిపితే వచ్చే సంఖ్య అది. చాప్‌మన్, కింగ్ 1964లో ఈ పద్ధతి చూపించారు.

అందుకని పాత పరీక్షలు సిలబస్‌లోంచి తీసేయాలని కొందరు అంటారు. వాళ్ల మాటలో బలముంది: ఆరో స్థితి క్రోమియం క్యాన్సర్ కారకం, గాఢ ఆమ్లాలతో ప్రమాదం, ఇచ్చే సమాచారం తక్కువ. ఉంచాలనేవాళ్లు, టెస్ట్ ట్యూబ్‌లో మసక తన కళ్లముందు పుట్టడం చూసిన విద్యార్థికి కార్బోకాటయాన్ ఒక బొమ్మలా కాకుండా నిజంలా అర్థమవుతుందంటారు. క్రోమియాన్ని ఒక్క బొట్టు స్థాయికి తగ్గించి ల్యూకాస్‌ని అలాగే ఉంచొచ్చని నా అభిప్రాయం.

వంటింట్లో ఉన్న తరగతులు

ఈ మూడు తరగతులకి సీసాలు అక్కర్లేదు. పెరుగులోని లాక్టిక్ ఆమ్లంలో ఉన్న ఓహెచ్ సెకండరీ. చింతపండు పులుపులోని టార్టారిక్ ఆమ్లంలో రెండు సెకండరీ ఓహెచ్‌లున్నాయి. తలనొప్పి బామ్‌లో చల్లగా తగిలే మెంథాల్ సెకండరీ. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం మాత్రం వేరు: దాని మధ్య కార్బన్‌కి మూడు పక్కలా కార్బన్లే, నాలుగో పక్క ఓహెచ్. అంటే టెర్షియరీ.

మన కణాల్లోనూ ఈ సిట్రిక్ ఆమ్లమే క్రెబ్స్ వలయంలో (ఆహారం నుంచి శక్తి రాబట్టే చర్యల వరసలో) మొదటి మజిలీ. అక్కడ దాన్ని ఆక్సీకరించి శక్తి రాబట్టాలి, కానీ ఓహెచ్ ఉన్న కార్బన్ మీద తీసేయడానికి హైడ్రోజన్ లేదు. డైక్రోమేట్ ట్యూబ్‌లో నారింజ రంగు ఎందుకు మారలేదో, అదే అడ్డంకి ఇక్కడా. అకోనిటేజ్ అనే ఎంజైము ముందు అణువులోంచి ఒక నీటి అణువుని తీసేస్తుంది, మళ్లీ ఒక నీటి అణువుని ఓహెచ్ పక్క కార్బన్ మీదికి వచ్చేలా తిప్పి చేరుస్తుంది. టెర్షియరీగా ఉన్నది సెకండరీ అయింది, ఐసోసిట్రేట్ అని పేరు మారింది. ఇప్పుడు ఆ కార్బన్ మీద ఒక హైడ్రోజన్ ఉంది. తర్వాతి ఎంజైము దాన్ని తీసేసుకుంటుంది.